తేమ శాతం

ఎనుమాముల మార్కెట్ల పాట అంటే ధర.
పొద్దున్నే జెండా పాట పాడుతరు,
రాగం ఉండదు, ఏడువేల రెండొందల కాడ ఆగుతది.
ఆ అంకె నేను తక్‌పట్టీ మీద రాస్త.
ఆరేండ్ల సంది నా రాత ఇదే:
రైతు పేరు, ఊరు, బస్తాలు, తూకం, తరుగు.

తక్‌పట్టీ వెనుక దిక్కు మాత్రం ఖాళీ.
అక్కడ నేనేం రాస్తనో అడ్తి సేటుకు తెల్వది.
ఒకసారి వర్ధన్నపేట రైతు చేతికి
నా నాలుగు పంక్తులు పొరపాటున పోయినయి.
ఆయన ముందటిది చదివి, తిప్పి, వెనుకది చదివి
"బిడ్డా, ఈ దిక్కు పైసలెన్ని?" అని అడిగిండు.

ఇప్పుడు దరఖాస్తు గూడ అదే అడుగుతున్నది.
సృజనాత్మక రచనల ఎం.ఏ., రెండేండ్లు.
తెలుగుల రాసినా తీసుకుంటరట.
ఎనిమిదొందల ఫీజు, పది పేజీల నమూనా,
మీ రచన తెలిసిన ఇద్దరి ఉత్తరాలు,
మీరు ఎందుకు రాస్తున్నారు, ఐదువందల మాటలకు మించరాదు.
ఆఖరు తారీఖు ఇయ్యాల.

పత్తి బస్తాల మీటరు గుచ్చుడు రోజూ చూస్త.
ఎనిమిది దాటితే కోత, పన్నెండు దాటితే వాపసు.
మంచుల పండుకున్న పత్తి,
ఏరిన ఆడోళ్ల చేతుల చెమట,
దారిల పట్టుకున్న వాన, కప్పిన తడి గొంగడి
అన్నీ కలిసి ఒక్క అంకె అయితయి.

పేజీలు మంచం మీద పరిచి
నేనే మీటరునైన.
ఒకదాంట్ల మా చిన్నమ్మ చావు ఉన్నది, తడి ఎక్కువ.
ఇంకోటి మరీ ఎండి కట్టెపుల్ల.
బరువు కోసం నీళ్లు చల్లినయి రెండు,
ఎవరూ పట్టరు, నాకు తెలుసు,
చింపేసిన.
ఎనిమిదే మిగిలినయి.

ఉత్తరాలు ఇద్దరియి కావాలె.
హన్మకొండల రిటైరైన కాలేజీ సారు
నా పేరు రెండుసార్లు అడిగి ఒకటి రాసిచ్చిండు.
రెండో మనిషి ఎవరు?
రాలిన పత్తి ఊడ్చే చాటకూలి ఓదెమ్మ తప్ప?
సద్ది కాడ "ఇయ్యాల వెనుక ఏం రాసినవే" అనేది ఆమె ఒక్కతే.
విని, కొంచెం సేపు నమిలి,
"గా వెన్నెల తీసెయ్, అబద్ధమాడుతున్నది" అంటది.
తీసేస్తే నిజంగనే నిలబడేది.

పొయ్యేదా వద్దా అని ఆమెనే అడిగిన.
"గక్కడ ఏం నేర్పుతరు?"
"ఏది తీసెయ్యాల్నో నేర్పుతరట."
"మరి నాకెందుకు జీతమియ్యకపోతివి ఇన్నొద్దులు?"
అని నవ్వి, చాట దులిపి,
మిర్చి యార్డు దిక్కు పోయింది, జవాబు చెప్పకుండనే.

చిట్టీ ఇంక తొమ్మిది నెలలు కట్టాలె.
వచ్చే సీజనుకు తక్‌పట్టీలు మిషనే కొడుతదట,
ఆ కాయితం వెనుక ఎరువుల కంపెనీ ప్రకటన అచ్చయి వస్తది.
ఇది కారణమా, సాకా, నాకు తెల్వది.

కాంటా ముల్లు ఊగుతున్నప్పుడు తూకం చెప్పొద్దు,
నిలిచినంక అరవాలె,
దడువాయి మొగిలి మొదటి రోజు నేర్పిన మాట.
పదకొండు నలభై ఆరు.
ముల్లు ఊగుతనే ఉన్నది.

రెండో మనిషి పేరు: ఓదెమ్మ.
హోదా: గడి ఖాళీగ ఒప్పుకోదు,
"తీసేసేది" అని కొట్టిన.
ఈమెయిలు కాడ నాదే ఇచ్చిన, తప్పని తెలిసి.
ఎందుకు రాస్తున్నారు అన్న పెద్ద పెట్టెల
మూడొందల మాటలు నింపిన, చదివిన, తడి,
తుడిచి ఒక్కటే ఉంచిన:
వెనుక దిక్కుకు ఇంతవరకు ఎవరూ సరైన పాట పాడలేదు.

యాభై ఎనిమిది.
"సరైన" తీసేసి
నొక్కిన.